తుఫాను బస్సు దిగాడు

కొండదారి మొదట్లో, టీకొట్టు ముందు తుఫాను బస్సు దిగాడు. తుఫాను అంటే మనవాడే. బైకు వీడియోల పేజీకి తనే పెట్టుకున్న పేరది. ఆ పేరుతో అతను నెలల తరబడి చాటింగ్ చేసిన అమ్మాయి, రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసే పిల్ల, ఎదురుగా కొత్త బైకు మీద కూర్చుని ఉంది. ఇద్దరూ కలుసుకోవడం ఇదే మొదలు. ఫొటోలో కంటే కళ్లు పెద్దవి. ఆ కళ్లు బస్సునీ అతణ్ణీ మార్చి మార్చి చూశాయి.

"నీ బండేది?"

"సర్వీసింగ్‌లో ఉంది."

"పోనీలే, నా వెనక కూర్చో. పైదాకా వెళ్లొద్దాం."

వీడియోల్లో బండి నడిపేది మనవాడి బావ. హెల్మెట్ పెట్టాక లోపల ఎవరుంటే ఏం? గొంతూ, ఎడిటింగూ మాత్రం మనవాడివి. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డాక మళ్లీ రెండు చక్రాల జోలికి పోలేదు.

"నడపడం ఎప్పుడు నేర్చుకున్నావ్?"

"పోయిన వారమే. గురువుగారు తమరే. వంపులో బ్రేకు పట్టినవాడు పిరికివాడన్నావుగా. ఇందాక కొంచెం పైకెళ్లి రెండు వంపులు అలాగే తిప్పొచ్చాను. భలే ఉందిలే."

ఆ డైలాగు మ్యూజిక్‌కి సరిపోతుందని అతను రాసుకున్నది. బావ వంపు దగ్గర హారన్ కొట్టుకుంటూ చీమలా పోతాడు. కంప్యూటర్‌లో ఆ చీమని చిరుత చేసింది ఇతనే.

చినుకులు మొదలయ్యాయి. రోడ్డు నల్లగా నిగనిగలాడుతోంది. ఆమె హెల్మెట్ పెట్టుకుని బండి స్టార్ట్ చేసింది.

"ఎక్కుతావా, ఒక్కదాన్నే పోనా?"

చెబితే ఈ అమ్మాయి దక్కదు. చెప్పకపోతే అసలు మిగలదేమో. అతను ముందుకెళ్లి తాళం లాగేశాడు.

"ఏంటీ ఆటలు?"

"ఆ బండి మీద ఉండేది నేను కాదు, మా బావ. ఆ స్పీడు కూడా నిజం కాదు, నేను పెంచాను. వంపులో బ్రేకు... నాకేం తెలీదు. నాకు బండే రాదు."

ఆమె హెల్మెట్ తీసింది. ఆ తిప్పిన రెండు వంపులూ ఇప్పుడు గుర్తొచ్చాయేమో, మొహం పాలిపోయింది.

"చచ్చేదాన్ని తెలుసా?"

అతను తాళం ఆమె చేతిలో పెట్టాడు.

"మరి మా అమ్మ ఆపరేషన్ రోజు పొద్దుట్నించీ నాతో మాట్లాడింది ఎవరు? మీ బావా?"

"నేనే."

"ఆ వీడియోలు తీసెయ్. ఇప్పుడే, నా ముందే."

అతని వేలు ఫోన్ మీద ఆగింది. ఇవి పోతే తను ఎవడు? ఎడిటింగ్ గదిలో కుర్చీకి అతుక్కుపోయిన ఒక పిరికివాడు. ఆ మాట తలుచుకుంటే కొండదారి కంటే ఎక్కువ భయమేసింది. అయినా నొక్కాడు. తుఫాను పేజీ ఖాళీ అయిపోయింది.

వాన జోరందుకుంది. ఆమె బండి దిగి ఊరివైపు తిప్పింది.

"ఏం చూస్తున్నావ్? వెనక నుంచి తొయ్యి."

"నడపవా?"

"కాళ్లు వణుకుతున్నాయి."

"నాకూ."

ఆమె మొదటిసారి నవ్వింది.

"నీ పేరేంటి? నీ అసలు పేరు."

చెప్పాడు. ఆమె ఒకసారి ఆ పేరు పలికి చూసుకుని, బండి తోసింది.