డబ్బాలో కొవ్వు

ఆ అమ్మాయి కొత్త బూటు తీసుకెళ్ళి నేల తుడిచే నీళ్ళ బకెట్లో ముంచింది.

మా కొట్లో. నా కళ్ళ ముందే.

నేను నోరు తెరిచి చూశాను. అంతకు ఒక్క నిమిషం ముందు నేను కౌంటర్ మీద మోచెయ్యి ఆనించి, మహా ధీమాగా, "చుక్క నీరు పోదండీ, నాది గ్యారంటీ" అన్నాను. ఆవిడ బ్యాగులోంచి టిష్యూ తీసి బూటులో కుక్కి, మూలనున్న బకెట్ దగ్గరికి నడిచింది. బూటు మెడ వరకు నీళ్ళలో దించి, వాచీ చూసుకుంటూ రెండు నిమిషాలు నిలబడింది. తర్వాత టిష్యూ తీసి నా ముందు పిండింది. నీళ్ళు ధారగా కారాయి.

"చుక్క పోదన్నారు?"

"చుక్క పోలేదండీ," అన్నాను. "గ్లాసుడు పోయింది."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పెదవి చివర ఏదో కదిలి, మళ్ళీ సర్దుకుంది. ఆ కదలిక చాలు, నా పని అయిపోవడానికి.

"సరే, వీగన్‌లో ఏమున్నాయి? కొండలెక్కడానికి."

వీగన్ అనేది కంపెనీ పేరనుకున్నాను. "వీగన్ స్టాకు నిన్ననే అయిపోయిందండీ. వచ్చే వారం వస్తుంది. ఏ సైజు?"

ఈసారి నోరు తెరవడం ఆవిడ వంతయింది.

"అది కంపెనీ కాదండీ బాబూ! జంతువుల నుంచి వచ్చింది ఏదీ ఉండకూడదు. తోలు వద్దు. ఉన్ని వద్దు. ఎముకలతో కాచిన జిగురు కూడా వద్దు."

"జిగురులో ఎముకలుంటాయా?"

"బూట్ల కొట్టు మీదా, నాదా?"

కొట్టు మాదే. తాత తోలు బూట్లు కుట్టాడు, నాన్న కుడుతున్నాడు, నేను అమ్ముతున్నాను. మా కొట్లో గోడ గడియారానికి తప్ప అన్నిటికీ ఎక్కడో ఒక తోలు ముక్క ఉంటుంది. వెనక గదిలోంచి నాన్న సుత్తి చప్పుడు ఆగిపోయింది. అంటే వింటున్నాడన్న మాట.

"నేను పశువుల డాక్టర్ని," అంది ఆవిడ గొంతు తగ్గించి. "పొద్దంతా కుట్లు వేసిన చర్మాన్నే సాయంత్రం కాళ్ళకి తొడుక్కోలేను. అంతే. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు."

తప్పుపట్టినా బాగుండేది.

"తెప్పిస్తాను," అన్నాను. "కానీ కొలత ఇప్పుడు తీసుకోను. సాయంత్రం రండి."

"ఏం, పొద్దున్న మీ టేపుకి సెలవా?"

"పొద్దంతా నిలబడ్డ కాలు సాయంత్రానికి ఉబ్బుతుందండీ. పొద్దున్న సరిపోయిన బూటు కొండ మీద కరుస్తుంది. నడిచేటప్పుడు వేసుకునే మందం మేజోళ్ళు కూడా తెచ్చుకోండి." ఒక్క క్షణం ఆగి అడిగాను. "ఉన్నివి కావుగా?"

ఈసారి నవ్వేసింది. వెనక గదిలో సుత్తి మళ్ళీ మొదలైంది, కాస్త గట్టిగానే.

ఆ తర్వాత మూడు వారాలు ఆవిడ దాదాపు ప్రతి సాయంత్రం వచ్చింది. నేను కంపెనీలన్నిటికీ ఉత్తరాలు రాశాను. "అయ్యా, మీ జిగురులో ఎవరైనా ఉన్నారా?" అని రాస్తే ఒక కంపెనీ వాళ్ళు కంగారుపడి ఫోన్ చేశారు. ఆ సంగతి చెబితే డాక్టరు గారు బెంచీ మీద పడి పడి నవ్వింది.

వచ్చిన ప్రతి జతా వేయించి, స్టోర్‌రూమ్ మెట్లు ఎక్కించి దించేవాణ్ణి.

"దిగేటప్పుడు బొటనవేలు ముందు తగులుతోందా?"

"కొంచెం."

"అయితే వద్దు. ముందు ఒక వేలి మందం ఖాళీ ఉండాలి. మడమ లేస్తోందా?"

"లేదు. మీకు మోకాళ్ళు నొప్పెట్టడం లేదా, నాతో పాటు ఎక్కి దిగుతున్నారు?"

"అలవాటేనండీ," అన్నాను. ఆ మెట్లు నేను అంతకు ముందు వారానికోసారి కూడా దిగేవాణ్ణి కాదు.

ఆరో జత కుదిరింది. పైన గట్టి నేత గుడ్డ, లోపల పల్చటి పొర. ఆ పొర బయటి నీటిని రానివ్వదు, లోపలి చెమటను పోనిస్తుంది. జిగురు కూడా జంతువులది కాదని కంపెనీ రాసిచ్చింది. బకెట్ పరీక్షలో టిష్యూ పెళపెళలాడుతూ పొడిగా బయటికొచ్చింది. ఇద్దరం చప్పట్లు కొట్టుకున్నాం.

"ఆదివారం కొండకి వెళ్తున్నా," అంది బూటు ముందుకొనను వేలితో తడుతూ. "ఒక్కదాన్నే. మీరు... అంటే, బూట్లు ఎలా నడుస్తున్నాయో చూడ్డానికి రావచ్చు."

నేను పొంగిపోయాను. "లేసులు బిగించి రేపు మధ్యాహ్నం ఇస్తాను!" అన్నాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

మా కొట్టుకో ఆచారం ఉంది. ఏ జతా మైనం రాయకుండా గడప దాటదు. తాతగారి మైనం. తేనెమైనం, గొర్రె కొవ్వు కలిపి కాచిన లేపనం, చిన్న రేకు డబ్బాల్లో ఉంటుంది. "గొర్రె కొవ్వు వాసన రాకుండా కాచడం మా నాన్నకే చేతనైంది. ఆయన తర్వాత మా ఆవిడకి" అని నాన్న వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. అమ్మ ఆ పక్కనే తల వంచుకుని డబ్బాలకు మూతలు పెడుతూ ఉంటుంది.

మర్నాడు నాన్న భోజనానికి ఇంటికి వెళ్ళాడు. నేను ఆ జత ఒళ్ళో పెట్టుకుని, వేలితో, ఒక్క కుట్టు కూడా వదలకుండా మూడు పూతలు రాశాను. నా ప్రేమంతా అందులో రుద్దేశాను. అది గుడ్డ బూటన్న ఆలోచన గానీ, ఆవిడ వద్దన్నవేమిటన్న ఆలోచన గానీ నాకు రాలేదు. చేతులకు అలవాటైన పని, చేతులు చేసేశాయి.

డాక్టరు గారు వచ్చింది. బూట్లు ఎత్తి వాసన చూసింది.

"అబ్బ, ఎంత బావుందో! ఏం రాశారు?"

నేను ఛాతీ విరుచుకున్నాను. "మా తాతగారి మందండీ. ఇంకెక్కడా దొరకదు. అసలైన తేనెమైనం, గొర్రె కొవ్వు..."

కొవ్వు అన్న మాట నా నోట్లోంచి బయటికొచ్చి మా ఇద్దరి మధ్యా నిలబడింది.

ఆవిడ ముఖంలో రంగు పోయింది. నా ముఖంలో కూడా పోయే ఉంటుంది. బూట్లను నెమ్మదిగా, విసిరెయ్యకుండా, కౌంటర్ మీద పెట్టింది.

"మూడు వారాలు," అంది. "మూడు వారాలు జిగురు గురించి ఉత్తరాలు రాశారే. అదంతా దేనికి? సరదాకా?"

"కాదండీ, నేను..."

"ఆదివారం రావద్దు."

తలుపు మీద గంట మోగింది. ఆవిడ వెళ్ళిపోయింది. నాన్న వచ్చి భుజం కుదిపితే ఈ లోకంలో పడ్డాను.

"ఏరా, దెయ్యాన్ని చూశావా?"

జరిగింది చెప్పాను. నాన్న కళ్ళు పెద్దవయ్యాయి.

"గుడ్డ బూటుకి మైనం రాశావా! ఒరేయ్, దానికి ఊపిరాడుతుందా? లోపల పొర ఎందుకుందనుకున్నావు? చెమట ఎక్కడికి పోవాలి? ఇన్నేళ్ళు ఈ కొట్లో ఉండి నేర్చుకున్నది ఇదా?"

"నాన్నా, ఆవిడ బాధ కొవ్వు గురించి."

"నా బాధ బూటు గురించి! ముందు దాన్ని కడుగు."

కడిగాను. లేసులు, లోపలి అట్టలు తీసి పక్కన పెట్టాను. గోరువెచ్చటి నీళ్ళు, రవ్వంత సబ్బు, మెత్తటి బ్రష్షు. వాషింగ్ మెషీన్‌లో వెయ్యబోతే నాన్న చెయ్యి మీద కొట్టాడు. ఎండలో పెట్టబోతే రెండోసారి కొట్టాడు. "జిగురు ఊడుతుంది. నీడలో పెట్టు. లోపల పాత పేపర్లు కుక్కు, తడిసినప్పుడల్లా మార్చు." నాలుగు సార్లు కడిగాక, తడి మీదే నీళ్ళు అంటనివ్వని స్ప్రే కొట్టి ఆరబెట్టాను. ఆ స్ప్రే మీద రాసిన ప్రతి అక్షరం ఈసారి రెండుసార్లు చదివాను.

శనివారానికి బూట్లు కొత్తవాటిలా ఉన్నాయి. నేను మాత్రం నలిగిపోయాను. గొర్రె పూర్తిగా పోయిందని ఏ ముఖంతో ప్రమాణం చెయ్యను? చెయ్యకపోతే ఆవిడ ఇంకెప్పుడూ మా మెట్లెక్కదు.

ఇంట్లో కంచం ముందు కూర్చుని, కలిపిన ముద్ద అలాగే పట్టుకుని ఉన్నాను.

"తినరా," అంది అమ్మ.

"ఎలా తినమంటావమ్మా? ఒక్క గొర్రె నా బతుకు నాశనం చేసింది."

"ఏ గొర్రె?"

"డబ్బాలో గొర్రె."

అమ్మ గరిటె కింద పెట్టింది. నాన్న వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. తర్వాత చీర కొంగు సర్దుకుని, ఎంతో మామూలుగా, "అందులో గొర్రె లేదు" అంది.

నాన్న ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది.

"ఏమిటీ?"

"పదకొండేళ్ళుగా లేదు. ఆ కొవ్వు కాస్తుంటే నాకు కడుపులో తిప్పేది. మీకు చెబితే మీ నాన్నగారి పేరు ఎత్తుతారు. అందుకని మానేశాను."

"మరి... మరి దేంతో కాస్తున్నావే?"

"సోయా మైనం, అవిసె నూనె. కొవ్వొత్తులు చేసేవాళ్ళ దగ్గర తెస్తున్నా."

"కొవ్వొత్తులా! చూశావా, అందులోనూ కొవ్వుంది!" అని నాన్న లేచి నిలబడ్డాడు.

"పేరులో ఉందండీ, ఒత్తిలో లేదు," అంది అమ్మ. "కొవ్వంతా తండ్రీకొడుకుల దగ్గరే ఉంది. పదకొండేళ్ళు వేళ్ళతో రాసి, ఒక్కరోజైనా అడిగారా ఇందులో ఏముందని?"

"తేనెమైనం?" అన్నాను.

"అదీ లేదు. కొవ్వుతో పాటే పోయింది."

నాన్న కుర్చీలో కూలబడ్డాడు. "వాసన రాకుండా కాచడం..." అని ఏదో అనబోయి ఆపేశాడు. పాపం, ఆ మాట ఎంతమందికి చెప్పాడో గుర్తొచ్చినట్టుంది. నాకు జాలేసింది. కానీ చెప్పులు తొడుక్కుంటూ జాలిపడ్డాను.

పశువుల ఆసుపత్రికి ముగ్గురం వెళ్ళాం. నేను బూట్లు పట్టుకుని, అమ్మ మైనం డబ్బా పట్టుకుని, నాన్న మౌనం పట్టుకుని. కట్టు కట్టిన కుక్కకీ, బుట్టలో పిల్లికీ మధ్య కూర్చున్నాం. లోపలికి పిలిచేసరికి డాక్టరు గారు చేతులు తుడుచుకుంటోంది. నన్ను చూసి బిగుసుకుంది. అమ్మను చూసి తడబడింది.

అమ్మ తిన్నగా డబ్బా మూత తీసి ముందు పెట్టింది. "చూడమ్మా, ఇది నేను కాచిందే. వీడికి తెలియక గొర్రె అన్నాడు. ఇందులో జీవం లేదు, తేనెటీగ కూడా లేదు. వీళ్ళ నాన్నకి ఇవాళే చెప్పాను, ఆయన ఇంకా తేరుకోలేదు."

డాక్టరు గారు నాన్న వైపు చూసింది. నాన్న బరువుగా తల ఊపాడు. ఆవిడ పెదవి చివర మళ్ళీ ఆ కదలిక కనిపించింది.

"అయినా తప్పు నాదేనండీ," అన్నాను. అమ్మ నా కాలు తొక్కింది, అయినా ఆగలేదు. "అందులో కొవ్వుందనే నేను నమ్మాను. నమ్మి కూడా రాశాను. ఉత్తరాలు రాసినవాణ్ణి, నా చేతిలో డబ్బా చూసుకోలేదు. అది సరదాకి మాత్రం కాదు. మీరంటే నాకు ప్రాణం. ఆ స్టోర్‌రూమ్ మెట్లు నేను ఎప్పుడూ దిగను. మీ కోసమే దిగాను."

నాకే షాక్, అమ్మానాన్నల ముందు ఆ మాట ఎలా వచ్చిందోనని. నాన్న గోడ మీది మందుల బోర్డు చదవడం మొదలుపెట్టాడు.

డాక్టరు గారు బల్ల మీది కాగితం చింపి, ఇంకు పెన్నుతో ఏదో రాసి, మడిచి, బూటు కొనలోకి తోసింది. కుక్కలకు స్నానం చేయించే తొట్టి దగ్గరికి వెళ్ళి, బూటు మెడ వరకు నీళ్ళలో దించింది.

"నా జవాబు అందులో ఉంది. తడవకపోతే చదువుకోండి. తడిస్తే ఇంకు కరుగుతుంది, ఇక మీ ఖర్మ."

రెండు నిమిషాలు. నాలుగు సార్లు కడిగానే, స్ప్రే సరిగ్గా పట్టిందా? మడమ కుట్టు దగ్గర కొట్టానా? "కుట్ల మీద కొట్టావా?" అని నాన్న చెవిలో గుసగుసలాడాడు. గుర్తు లేదన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

బూటు పైకి వచ్చింది. డాక్టరు గారు లోపలికి చెయ్యి పెట్టి కాగితం తీసి నాకిచ్చింది. పెళపెళలాడింది. మడత విప్పాను.

"నాకూ అంతే. రేపు ఆరింటికి. కానీ ఆ తోలు బెల్టుతో వద్దు."

నా నడుము వైపు చూసుకున్నాను. నాన్న నా పుట్టినరోజుకు కుట్టిన బెల్టు. అది పెట్టుకుని ఇంత ప్రసంగం చేశానన్న మాట! చీటీ నాన్నకు అందించడం తప్ప ఇంకేమీ తోచలేదు. ఆయన చదివాడు. నలభై ఏళ్ళుగా తోలు తప్ప ఇంకొకటి ముట్టని మనిషి.

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నా నడుము నుంచి బెల్టు తనే లాగి, చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత డాక్టరు గారి వైపు తిరిగి, చేతులు కట్టుకుని, కొట్లో అందరినీ అడిగినట్టే అడిగాడు.

"గుడ్డ బెల్టు కుడతానమ్మా, పొద్దున్నకల్లా ఇచ్చేస్తాను. దారం ఏది వాడమంటావు?"

నేను జారుతున్న ప్యాంటును రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను.