కొసరు కొలత

కొట్ల యంత్రాలు చక్కబెట్టే కాత్యాయనికి ఆ ఉదయం అది మూడో దుకాణం. మొదటి రెండూ సులువుగానే తెమిలాయి. మంగలి షాపు అద్దానికి జ్ఞాపకం సర్దింది, టిఫిన్ కొట్టు పొయ్యికి తొందరపాటు తగ్గించింది. మండపేట పూలవీధిలో సత్యవేణి కొట్టు ముందు సంచి దించేసరికి మాత్రం చెయ్యి ఆడలేదు. చేతిపలక మీద తూనికల మండలి ఆదేశం ఎర్రగా వెలుగుతోంది. మధ్యాహ్నం పన్నెండులోగా ఇక్కడ పూలు కొలిచే యంత్రం, మూరచెయ్యి, నేర్చినదంతా చెరిపెయ్యాలి. లేదంటే రేపటి నుంచి కొట్టుకు పూల సరఫరా బంద్, కాత్యాయని లైసెన్సు రద్దు.

ఇప్పుడంటే చిన్న కొట్ల సాంకేతిక సలహాదారుకు కుర్చీ వేస్తున్నారు గానీ, ఆరేళ్ల కిందట ఆ మాటకు అర్థం తెలిసినవాళ్లే లేరు. ఏడు కొట్లవాళ్లు ఆమెను గుమ్మం ఎక్కనివ్వలేదు. ఎనిమిదోది సత్యవేణిది. యంత్రం సంగతి ఒక్క ముక్క అడగకుండా, ముందు కూర్చోబెట్టి మజ్జిగిచ్చి, నీకు బోణీ నేనే చేస్తానంది ఆవిడ. ఇవాళ కాత్యాయని నాలుగు మెతుకులు తింటోందంటే ఆ చలవే. అలాంటి కొట్టుకు తన చేత్తోనే ఎసరు పెట్టాలా?

పందిరి గుంజకు బిగించిన మూరచెయ్యి కనకాంబరాల దండ కొలిచి తుంచుతోంది. మూరంటే నలభై ఐదు సెంటీమీటర్లని మండలి కట్టడి. ఇదేమో ఒకసారి యాభై ఇస్తుంది, ఒకసారి అరవై, ఒకసారి ఏకంగా తొంభై. నలభై రోజుల్లో రెండు వందల పన్నెండు సార్లు దారి తప్పింది. చక్రం అరిగిందేమోనని కాత్యాయని విప్పి చూసింది. అరగలేదు. దాని కెమెరా కన్ను మసకబారిందేమోనని తుడిచింది. అదీ శుభ్రంగానే ఉంది.

చేసేదిలేక స్టూలు లాక్కుని, తప్పిన కొలతల పట్టిక చదవడానికి కూర్చుంది. ఆసుపత్రి సందులోంచి వచ్చినావిడకు జానెడు ఎక్కువ. భార్య ఫొటోకు దండ కోసం ఒంటరిగా వచ్చిన ముసలాయనకు మూర మీద మూర. నవ్వుతూ తుళ్లుతూ వచ్చిన పెళ్లివారికి మాత్రం రవ్వంత కొసరుతో సరి. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయింది. అక్కడున్నది తన పేరే. అమ్మ పోయి ఏడాదైన రోజది. ఎవరితోనూ అనలేదు. మామూలు మొహం పెట్టుకుని రెండు మూరల మల్లెలు అడిగితే మూడు మూరలు వచ్చాయి. యంత్రం చెడినట్టుంది, చూడాలని అప్పుడే రాసిపెట్టుకుంది కూడా.

ఇలా ఇవ్వమని దీనికి చెప్పారా అని సత్యవేణిని అడిగింది.

"నేనేం చెప్పలేదమ్మా. నా పక్కన ఆర్నెల్లు నిలబెట్టి, 'ఈ పిన్నిగారు చేసినట్టే చెయ్యి' అని దానికి నువ్వే కదా చెప్పావు. చేస్తోంది."

పొరపాటు ఎక్కడుందో కాత్యాయనికి అప్పుడు తెలిసింది. దండ కొలిచేటప్పుడు సత్యవేణి చూపు మోచేతి మీద ఉండదు, కొనేవాళ్ల మొహం మీద ఉంటుంది. యంత్రం ఆ చూపు కూడా నేర్చేసుకుంది. దాన్ని నేర్చుకోడానికి పెట్టినప్పుడు ఈ సంగతి తనకే తట్టలేదు.

"చెరిపెయ్యమ్మా," అంది సత్యవేణి మెల్లగా. "నావల్ల నీ లైసెన్సు పోకూడదు. నాకు చేతులున్నాయి కదా."

కొలత ఎందుకు తప్పిందో నింపడానికి పలక మీద రెండే గళ్లు వెలుగుతున్నాయి. లోపం, మోసం. వాటి కింద, ఊళ్లో ఏ సలహాదారూ ఏనాడూ ముట్టని మూడో గడి ఉంది. కొత్త కొలత. ఆ గడి నింపితే పూచీ అంతా నింపినవాళ్ల లైసెన్సుదే. కాత్యాయని సత్యవేణి వైపు ఒక్కసారి చూసి, 'కొసరు. కొలతలో భాగం' అని రాసి వేలిముద్ర వేసింది.

ఎర్ర ఆదేశం ఆరిపోయింది. వేలిముద్ర పడిన కొలత ఆ క్షణమే మండలి కింది పదకొండు వేల కొట్లకూ చేరిపోవడం వాళ్లు పెట్టుకున్న పద్ధతే. ఎదుటి కూరగాయల కొట్లో తక్కెడ యంత్రం కాకరకాయలు తూచి, కాసేపు ఆగి, పైన గుప్పెడు కరివేపాకు పడేసింది. సంచి పట్టుకున్న మనిషి తక్కెడ వంక తేరిపార చూశాడు.

పలకలోంచి మండలి గొంతు పలికింది. "హద్దు లేని కొలత చెల్లదు. కొసరు ఎంతవరకు ఇవ్వవచ్చో తెలపండి."

కాత్యాయని పలకను సత్యవేణి వైపు తిప్పింది. ఆవిడ తడిచేతులు చెంగుకు తుడుచుకుంది.

"ఎవరికో చెప్పమను, ఎంతో చెప్తాను."

మండలి, ఆ నిమిషాన పదకొండు వేల కొట్ల ముందు నిలబడ్డ మనుషుల పేర్లు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది.