ఉప్పు తగిలిన తీగ

"చంపేశావు! నా కాప్రిఫోల్ తీగని నిలువునా చంపేశావు!"

పెరట్లోంచి అత్తగారు టోర్‌బోర్గ్ కేక వినగానే గున్‌వోర్ చేతిలో గిన్నె వదిలేసి పరుగెత్తింది. గోడ మీద ఆ పూలతీగ ఆకులన్నీ మాడి వేలాడుతున్నాయి. దాని మొదలు చుట్టూ తాను ప్రేమగా పరిచిన సముద్రపు నాచు మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది!

బోహుస్లెన్ దీవుల్లో నాచు ఎరువు వేయని ఇల్లుండదు. కానీ శీతకాలమంతా దాన్ని వానకు వదిలేసి, ఉప్పు పోయాకే మొక్కల దగ్గరికి తెస్తారు. సముద్రం మొహం ఎరగకుండా పెరిగిన కోడలికి ఆ సంగతి ఎవరు చెప్పారు గనుక! తప్పు జరిగాక తిట్టడానికి మాత్రం అందరికీ నోళ్ళుంటాయి.

"అత్తయ్యా... బలం వస్తుందనుకున్నాను..."

"నీ బలం తగలెయ్య! మీ మామయ్య కొండ చీలికలోంచి తెచ్చి నాటిన తీగే అది! ఆయన్ని సముద్రం మింగేశాక, సాయంత్రం ఆ పూల వాసనొస్తే మనిషి ఇంటికొచ్చినట్టుండేది నాకు. ఇంక నాతో మాట్లాడకు!"

అన్నంత పనీ చేసింది. గున్‌వోర్ భర్త ఆల్‌రిక్ చేపల వేటకు వెళ్ళాడు, ఎప్పుడొస్తాడో దేవుడికెరుక. ఇద్దరాడవాళ్ళు, ఒకే పొయ్యి... ఒక్క మాట లేదు! ఉడికించిన బంగాళదుంపలు పళ్ళెంలో పెట్టుకుని ఆవిడ తన గదిలోకి పోయేది. గొంతు మూగబోతుందేమోనని గున్‌వోర్ పిల్లితో మాట్లాడేది. ఆ పిల్లి కూడా అత్తగారి పక్షమే.

ఆ వేసవిలో వాన లేదు. అంతకుముందు తొట్టిలో పట్టిన వాననీళ్ళే ఇంటికి దిక్కు. స్నానానికి మనిషికో బకెట్టు చొప్పున టోర్‌బోర్గ్ తోడిపెట్టేది. ఉప్పు కడుక్కుపోతుందేమోనన్న ఆశతో గున్‌వోర్ తన బకెట్టు తీగ మొదట్లో గుమ్మరించి, తాను సముద్రంలో మునిగి వచ్చేది. ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి ఎవరున్నారు?

ఒక సాయంత్రం గడప మీద కూర్చుని జడ విప్పుకుంటే దువ్వెన దిగలేదు. అంతవరకూ ఆపుకున్న ఏడుపు పొంగుకొచ్చింది.

"ఏమిటే ఆ జుట్టు? పడవ తాడులా బిరుసెక్కింది!" వెనకనుంచి టోర్‌బోర్గ్ వచ్చి, జుట్టు తాకిన వేలిని నాలుక్కి రాసుకుంది. ఉప్పు! "నీ నీళ్ళేం చేస్తున్నావు?"

గున్‌వోర్ తీగ వైపు చూసి తల దించుకుంది.

ముసలావిడ వెళ్ళి కొమ్మను గోటితో గీరి చూసింది. లోపల కూడా ఎండిపోయింది.

"ఇది పోయిందే... ఎప్పుడో పోయింది."

"క్షమించండి అత్తయ్యా...!"

టోర్‌బోర్గ్ లోపలికి వెళ్ళింది. మళ్ళీ తలుపు వేసుకుందనుకుంది గున్‌వోర్. కాసేపటికి ఆవిడ తన వాటా నీళ్ళు వెచ్చబెట్టి, సబ్బుతో సహా తెచ్చి ముందు పెట్టింది.

"వంచు తల."

"మీ నీళ్ళు కదా అత్తయ్యా..."

"వంచమన్నానా! ఎండుకట్టెకి పోసి పోసి నువ్వే ఎండిపోయావు కదే, పిచ్చిదానా!"

గోరువెచ్చని నీళ్ళు మాడు మీద పడ్డాయి. ఆ ఇంట అడుగుపెట్టాక ఆమె తల మీద ఇంకొకరి చెయ్యి పడటం అదే మొదలు. ముసలి వేళ్ళు చిక్కులు విడదీస్తూ, విడదీస్తూ ఆగిపోయాయి.

"మీ అమ్మ పేరేమిటే? ఇన్నాళ్ళూ అడగనే లేదు."

"సిగ్నె..." అంది గున్‌వోర్, వెక్కిళ్ళ మధ్య.