కొప్పులో కొమ్ము దువ్వెన

సాయంత్రం నుంచీ ఒకటే వాన. ఇక ఎవరొస్తారులే అని కొప్పులక్క తన పార్లర్లో కూర్చుని కునికిపాట్లు పడుతోంది. ఆమె వేసిన కొప్పు తుఫానొచ్చినా చెదరదని జనం పెట్టిన పేరది. పైకి విసుక్కున్నా లోపల్లోపల ఆమెకు గర్వమే.

తలుపు తోసుకుని చెల్లెలు వచ్చింది.

అక్కకి ప్రాణం లేచొచ్చింది. తల్లి పోయాక తనే జడలేసి పెంచిన పిల్ల. ఆర్నెల్లుగా ఫోనెత్తదు, గుమ్మం తొక్కదు. ఇప్పుడు తలకి స్కార్ఫు బిగించుకుని, చిక్కి సగమై నిలబడింది.

"నామీద అలక తీరిందా తల్లీ?"

"అలకేంటక్కా..." చెల్లెలు కళ్ళెత్తలేదు. సంచిలోంచి గుడ్డ మూట తీసింది. "పాత సామాన్ల కొట్లో కొన్నాను. దీనికెలాంటి కొప్పు వేసేవాళ్ళో చెప్తావా?"

కొమ్ముతో చెక్కిన దువ్వెన. జానెడు ఎత్తు. పైన లతలు, కింద పొడుగాటి పళ్ళు.

"జుట్టంతా నడినెత్తికెత్తి, సవరం చుట్టి, దాని వెనక నిలబెట్టాలే పిచ్చిదానా! రాణీగారి దర్జా!" అంటూనే అక్క తన జుట్టు ఎత్తి కట్టేసింది. పళ్ళు గీరుతాయేమోనని, ఏ దువ్వెనైనా ముందు తన తలలో పెట్టుకుని చూడందే ఇంకొకరికి పెట్టదు.

దువ్వెన దిగింది. నిలవ నీళ్ళ వాసన గుప్పుమంది. వెనక ఎవరో ఊపిరి వదిలారు... చెల్లెలు ఎదురుగానే ఉంది.

తీయబోయింది. రాలేదు. పళ్ళు ఇంకా లోపలికి... దిగుతున్నాయి.

"ఏయ్... లాగవే దీన్ని!"

చెల్లెలు స్కార్ఫు విప్పింది. నడినెత్తిన అరచెయ్యంత మేర జుట్టు లేదు. వరసగా పళ్ళ గాట్లు.

"జుట్టుతో సహా పీకి పారేసినా, తెల్లారేసరికి మళ్ళీ తలలోనే ఉండేది," గుసగుసలాడింది. "ఇంకొకరు తమంతట తాము పెట్టుకుంటేనే దీన్ని పట్టుకున్న ఆవిడ నన్ను వదుల్తుంది. ఎవరికిచ్చినా పెట్టుకోలేదక్కా... నువ్వైతే పెట్టుకుంటావని తెలుసు."

అక్కకి ముందు భయం వెయ్యలేదు. ఏడుపొచ్చింది. తన అలవాటు ఎరిగిన మనిషి లోకంలో ఇదొక్కతే. అదే కాపు కాసి గొంతు కోసింది.

"నిన్ను నా చేతుల్తో పెంచానే..."

"కదలకక్కా. కదిలితే ఆవిడకి కోపం."

తలుపు మూసుకుంది. అడుగుల చప్పుడు వానలో కలిసిపోయింది.

మెడ మీదికి జారిన వెంట్రుకల్ని చల్లటి చేతులు రెండు పైకి దువ్వసాగాయి. నెమ్మదిగా... ఓపిగ్గా. అక్క చెల్లెల్ని పిలవబోయింది.

ఆ రెండు చేతులూ జుట్టులోనే ఉన్నాయి... మూడోది వచ్చి ఆమె నోరు మూసింది.