డాక్టర్ మనోజ్ఞ కనిపెట్టిన మొహమాటం టోపీ

“ఇంకొక్క బొబ్బట్టు వెయ్యనాండీ?”

కాకినాడలోని ఆ సైకాలజీ లేబొరేటరీలో అందరూ ఊపిరి బిగబట్టారు. అరిటాకు ముందు కూర్చున్న సత్తిరాజుగారి నెత్తిన హెల్మెట్ లాంటి టోపీ, దాని నిండా వైర్లు. ఆయన కడుపు ఎప్పుడో నిండిపోయింది. మామూలుగా అయితే, “అబ్బే, వద్దండీ... సరే, ఒక్కటి” అనే మనిషాయన. డాక్టర్ దంగేటి మనోజ్ఞ స్విచ్ నొక్కింది.

“వద్దు,” అన్నారు సత్తిరాజుగారు. “వెయ్యకండి. తినలేను.”

అంతే! లేబొరేటరీ దద్దరిల్లిపోయింది. వడ్డించే చేతికి తెలుగువాడు మొదటి మాటలోనే వద్దని చెప్పేశాడు! మనోజ్ఞ తన భర్త ఉదయతేజ చేతులు పట్టుకుని గిరగిరా తిరిగేసింది.

ఈ మహామేధావి చిన్నతనం గురించి రెండు ముక్కలు చెప్పి తీరాలి. పక్కింటి పిన్నిగారు కాకరకాయ పులుసు పెడితే, “చాలా బాగుందండీ” అందట ఓసారి. ఆవిడ సంబరపడిపోయి వారం వారం గిన్నెడు పంపేది. చూస్తేనే కడుపులో తిప్పే ఆ పులుసును కాలేజీ అయ్యేదాకా తింది పాపం! సైకాలజీలో చేరిందే అందుకు. మిగతావాళ్లు కోపం, భయం, దిగులు అంటూ పుస్తకాలు తిరగేస్తుంటే, మన ప్రాణాలు తోడేస్తున్న మొహమాటాన్ని ఎవరూ పట్టించుకోరేం అని ఈవిడ పట్టుబట్టి కూర్చుంది. చివరికి దొరికింది! మెదడులో చెవి వెనకాల శనగగింజంత భాగం. ఎదుటివాళ్లు నొచ్చుకుంటారేమో అనిపించగానే అది చురుగ్గా అయిపోయి, నోటిదాకా వచ్చిన ‘వద్దు’ను వెనక్కి లాగేస్తుంది. టోపీలోని కాయిల్ ఆ గింజకి సన్నటి మాగ్నెటిక్ పల్స్ పంపి నిద్రపుచ్చుతుంది. అంతే సూత్రం, ఇంకేం లేదు.

చూస్తూండగానే ఊరు మారిపోయింది! టోపీ పెట్టుకున్న గుమాస్తా ఆఫీసరుతో, “ఆదివారం రానండి” అన్నాడు. ఎంతకీ కదలని చుట్టాలతో, “మాకు నిద్రొస్తోంది, మీరు బయల్దేరండి” అన్నారు ఇంటివాళ్లు. ఎవరూ ఏమీ అనుకోలేదు. నెత్తిన టోపీ ఉంది కదా మరి! ఫ్యాక్టరీ పెట్టారు, సన్మానానికి ముహూర్తం పెట్టారు.

సన్మానం రోజు పొద్దున, మొదటి టోపీని మ్యూజియానికి ఇద్దామని తుడుస్తూ మనోజ్ఞ సరదాగా మూత విప్పింది. విప్పి కొయ్యబారిపోయింది. కాయిల్ కొస ఒకటి దేనికీ తగలకుండా గాల్లో ఉంది. అంటే ఏనాడూ కరెంటే అందలేదు! ఫ్యాక్టరీ టోపీ విప్పితే అదీ అచ్చం అంతే. దీన్ని చూసే కదా చేసింది.

“తేజా! ఈ కాయిల్ బిగించింది నువ్వేగా? నీకు తెలుసా ఇది?”

“తెలుసు,” అన్నాడు ఉదయతేజ నేలచూపులు చూస్తూ. “ఆ బొబ్బట్ల రోజు సాయంత్రమే చూశాను. నువ్వేమో ఆనందంతో గంతులేస్తున్నావు. ఎలా చెప్పమంటావు మనూ? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుంటే ఫ్యాక్టరీ వచ్చేసింది.”

మనోజ్ఞ వెంటనే సత్తిరాజుగారికి ఫోన్ చేసింది. “నిజం చెప్పండి బాబాయ్‌గారూ. ఆ రోజు మీకేమనిపించింది?”

“ఏమీ అనిపించలేదమ్మా. అన్నది నేను కాదు, మిషను అనుకుంటార్లే అని ధైర్యం చేశాను. అంత కష్టపడి చేశావు, పనిచెయ్యలేదని మొహం మీద ఎలా అనను తల్లీ?”

మనోజ్ఞకి ఏడుపొకటే తక్కువ. సైంటిస్టు అయ్యుండి అబద్ధానికి శాలువా కప్పించుకుంటుందా? “పేరు పోతే పోనీ తేజా, సభలో చెప్పేస్తాను,” అంది.

టౌన్‌హాలు కిటకిటలాడుతోంది. దండ పడింది, శాలువా పడింది. మనోజ్ఞ మైకు అందుకుంది. “మీ అందరికీ ఒక నిజం చెప్పాలి...”

“ఆగండాగండి!” కలెక్టరుగారు ఉత్సాహంగా లేచి, కొత్త టోపీ ఒకటి ఆవిడ నెత్తిన పెట్టి, తన చేత్తోనే స్విచ్ నొక్కారు. “ఇప్పుడు చెప్పండి డాక్టరుగారూ, ఏ మొహమాటం లేకుండా!”

హాలంతా గొల్లున నవ్వింది. అందరి కళ్లూ ఆవిడ మీదే. వేదిక పక్కన ఉదయతేజ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పక్కనే కలెక్టరుగారు పళ్లన్నీ బయటపెట్టి, ఎంత సంతోషంగా చూస్తున్నారో!

మనోజ్ఞ గొంతు సవరించుకుంది.

“నిజం ఏమిటంటేనండీ,” అంది, “ఇది నేననుకున్నదానికన్నా అద్భుతంగా పనిచేస్తోంది.”