దుప్పట్ల కొటేషన్

ఆ మధ్యాహ్నం రాయపూర్‌లో వాన దంచుతోంది. ప్రైవేటు ఆసుపత్రి పర్చేజ్ విభాగంలో గ్లోరీ ఎదుట నిలబడ్డ కుర్రాడి జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. అతను తెచ్చిన దుప్పట్ల కట్ట మాత్రం ఒక్క చుక్క తడవలేదు. తన రెయిన్‌కోటు దానికి చుట్టి తెచ్చాడు.

అయినా గ్లోరీ కరగలేదు. శాంపిల్ ఒకలా, ముందు పంపిన సరుకు ఒకలా ఉందనీ, ఉతగ్గానే దుప్పటి కురచైపోయి మంచం మూలలు కప్పడం లేదనీ హిందీలో చెప్పి, మొత్తం రిజెక్ట్ చేసింది. అతను వాదించాడు, బతిమాలాడు. చివరికి కట్ట భుజానికెత్తుకుంటూ తెలుగులో గొణుక్కున్నాడు.

“ఈవిడగార్ని చేసుకునేవాడెవడో గానీ, వాణ్ణి కూడా ఉతికి చూశాకే ఓకే చేస్తుంది.”

“కురచైతే వాణ్ణీ తిప్పి పంపేస్తానండీ,” అంది గ్లోరీ, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా.

కట్ట దబ్బున కింద పడింది. అతని మొహం చూసి ఆమెకు నవ్వాగలేదు.

అతని పేరు ఎలీషా. దగ్గర్లోని అభన్‌పూర్‌లో చిన్న కుట్టు యూనిట్ నడుపుతున్నాడు. గ్లోరీ వాళ్ళ లాగే వాళ్ళదీ కాకినాడ వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. మర్నాడు ఆసుపత్రి లాండ్రీకి వెళ్ళి, తన దుప్పట్లు ఎలా కుంచించుకుపోతున్నాయో కళ్ళారా చూశాడు. వారం తిరిగేసరికి ముందే తడిపి ఆరేసిన గుడ్డతో కొత్త శాంపిల్ తెచ్చాడు. అది పాసయింది.

ఆర్డర్లు మొదలయ్యాయి. సరుకు ఎప్పుడొస్తుందో కనుక్కోడానికి ఆమె ఫోన్ చేసేది. జవాబు ఒక్క ముక్కలో అయిపోయేది, కబుర్లు మాత్రం అయ్యేవి కావు.

దుప్పట్లకీ కర్టెన్లకీ ఏడాది కాంట్రాక్టుకి కొటేషన్లు పిలిచిన రోజున గ్లోరీకి భయం వేసింది. కవర్లు తెరవకముందే ఎలీషా రేటే తక్కువగా ఉండాలని మనసు కోరుకుంటోంది.

ఆ సాయంత్రం గేటు దగ్గర ఆ మాట అతనికి చెప్పేసింది. అతని కళ్ళు మెరిశాయి.

“అయితే నా కొటేషన్ వాపస్ తీసుకుంటాను. నాకు మీరు చాలు.”

“మీ దగ్గర కుట్టేవాళ్ళ సంగతేంటి? వాళ్ళేం తింటారు? మీరు ఉండండి. పక్కకి జరగాల్సింది నేను.”

మర్నాడు పొద్దున్నే మేనేజర్ చాందిని దగ్గరికి వెళ్ళి, ఈ వెండర్ని పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాను, ఫైలు నా చేతిలో ఉండకూడదు అని చెప్పింది. ఉద్యోగం పోతుందనే అనుకుంది. చాందిని నవ్వి, ముందే చెప్పి మంచిపని చేశావంటూ ఆ ఫైలు ఇంకో ఉద్యోగి తరుణ్‌కి అప్పగించింది. ఎలీషాతో జరిగే కొనుగోళ్ళు ఇక ఏవీ గ్లోరీ చూడలేదు.

కాంట్రాక్టు తేలిన సాయంత్రమే ఎలీషా రైల్వేవాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో గ్లోరీ వాళ్ళ తలుపు తట్టాడు. దుప్పట్లు వేరేవాళ్ళకి పోయాయి, తనకి కర్టెన్లు దక్కాయి. వర్క్‌షాపులో వ్యాగన్లు పరీక్షించి రిటైరైన ఆమె తండ్రి ఐజాక్ అతన్ని ఎగాదిగా చూశాడు.

“పెద్ద ఆర్డర్ పోగొట్టుకొచ్చి, అదే రోజు పిల్లనడుగుతున్నావా బాబూ?”

“ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరని మీ అమ్మాయే నేర్పిందండి. కర్టెన్లతో యూనిట్ నడుస్తుంది. ఆమె లేకపోతే నాకే నడవదు.”

ఐజాక్ భార్య వైపు చూశాడు. లీలావతి అప్పటికే ఇంకో కంచం తీస్తోంది.

“ఆదివారం ఆరాధన అయ్యాక మీ పెద్దవాళ్ళని తీసుకురా,” అన్నాడాయన.

ఎలీషా కంగారుగా లేచి దణ్ణం పెట్టబోయి కుర్చీ తన్నేశాడు. వంటింటి గుమ్మంలోంచి గ్లోరీ, అమ్మానాన్నల ముందే, ఇన్నాళ్ళ ‘మీరు’ని వదిలేసింది.

“నువ్వు ముందు కూర్చో. పులుసు చల్లారిపోతోంది.”