తాడు లోపల మాట్లాడకూడదు

దగ్గరికి జరగండర్రా. ఆ తలుపు మూయండి, జల్లు లోపలికి కొడుతోంది. అల్లం టీ చల్లారకముందే తాగండి. నేను చెప్పబోయేది ఒక శవం సంగతి. భయపడేవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళొచ్చు. మీరు వెళ్ళరని నాకు తెలుసులే.

శవం దొరికింది శనివారం సాయంత్రం ఐదింటికి. మన మరికినా ఊళ్ళోనే. ఏటి ఒడ్డున మూతపడిన చెప్పుల ఫ్యాక్టరీలో.

ఆ వేళకు అక్కడ డెబ్భై మంది జాంబీలు, అంటే లేచి తిరిగే శవాలు, ఉన్నారు. వేలాడే చర్మం, ఊడిన కన్ను, నోటి నిండా నెత్తురు. అంతా రంగులే, అంతా రబ్బరే. కుళ్ళిన చేతులతోనే పుల్లకు గుచ్చిన చేప ఉండలు తింటున్నారు. ఆ ఏడాది జాంబీ పరుగు ఆట అయిపోయింది. మైకులో "ప్యాకప్!" అని అరిచారు. నేల మీద పడి ఉన్నవాళ్ళంతా దుమ్ము దులుపుకుని లేచారు.

డెల్ఫిన్ లేవలేదు.

గోడ వారగా, చెప్పులు కుట్టే చెక్క అచ్చుల గుట్టకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు.

"చాల్లేరా బాబూ! ఫస్ట్ ప్రైజు నీకే ఇస్తాం, లే!" అంటూ స్నేహితుడు ఆర్నెల్ భుజం తట్టాడు.

డెల్ఫిన్ పక్కకు ఒరిగిపోయాడు. ఒళ్ళు చల్లగా ఉంది.

ఆ మధ్యాహ్నమంతా అతని పక్కన నిలబడి ఎంతమంది ఫోటోలు దిగారో లెక్కలేదు.

డెల్ఫిన్ మా సందులోవాడే. టినో, మిండాల ఒక్కగానొక్క కొడుకు. ముప్పై నాలుగేళ్ళు. ఫోన్లు బాగుచేసే పని. పని అయిపోతే వాడి లోకమంతా జాంబీలే. గది నిండా బొమ్మలు, అట్టపెట్టె కూడా విప్పకుండా వరసగా పేర్చినవి. తెగిన చెయ్యిలాంటి పెన్నుల స్టాండు. మెదడులాంటి దిండు. కుళ్ళిన పాదాల్లాంటి చెప్పులు వేసుకుని పొద్దున్నే బ్రెడ్డు కొనుక్కురావడానికి వెళ్ళేవాడు. నేను జడుసుకుంటే, "ఇవి మెత్తగా ఉంటాయి నాయనమ్మా, నీక్కూడా ఒక జత తెస్తా" అని నవ్వేవాడు. అందరికీ నేను నాయనమ్మనే.

కేసు సార్జెంట్ మారివిక్ చేతికి వచ్చింది. మా అక్క మనవరాలే. తర్వాత నా వంటింట్లో పీట మీద కూర్చుని తను చెప్పిందే నేను మీకు చెబుతున్నాను.

ముందు డాక్టర్ని కలిసింది.

"విషమా?"

"కాదు. మెదడులో నరం చిట్లింది. బీపీ మాత్రలు మానేసినట్టున్నాడు. కుడి పక్క మొత్తం పడిపోయింది. మాట కూడా పోయి ఉంటుంది."

"వెంటనే పోయాడా?"

"లేదు. రెండు మూడు గంటలు ప్రాణంతోనే ఉన్నాడు."

"ఆసుపత్రికి తెచ్చి ఉంటే?"

డాక్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "బతికేవాడని చెప్పలేను. బతకడనీ చెప్పలేను."

ఇన్‌స్పెక్టర్ ఫైలు మూసేద్దామన్నాడు. మిండా మూయనివ్వలేదు. స్టేషన్ గుమ్మంలో కూర్చుంది.

"నా కొడుకుని చంపారని నేననట్లేదు. వాణ్ణి చూశారు. చూసి వదిలేసి పోయారు. ఆ పోయినవాడు ఎవడో నాకు కావాలి. ఆ ఆర్నెల్‌గాడే! వాడే రంగులు పూశాడు, వాడే పక్కనున్నాడు, వాడే వదిలేశాడు!"

సందంతా ఆమె మాటే పట్టుకుంది. ఆర్నెల్ ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. వాళ్ళమ్మ బజారుకు వెళ్ళలేకపోయింది. ఇన్‌స్పెక్టర్ విసిగిపోయాడు. "ఆ కుర్రాడి మీద నెగ్లిజెన్స్ కేసు రాసి లోపలెయ్యి. జనం చల్లబడతారు. సమాధి చేసేలోగా తేల్చు."

మారివిక్ ఆర్నెల్‌ని పిలిచింది. చెవుల వెనక ఇంకా ఆకుపచ్చ రంగు ఉంది అతనికి.

"ఒంటిగంటకి ఎక్కడున్నావ్?"

"డెల్ఫిన్ పక్కనే మేడమ్."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. తాడు లోపల మాట్లాడకూడదు."

"ఏ తాడు?"

"పరుగు జరిగే చోటు చుట్టూ కడతాం. దాని లోపలికి వచ్చామంటే మేం చచ్చినవాళ్ళం. మూలగాలి. అంతే."

"ప్రాణం పోతున్నా మూలగడమేనా?"

ఆర్నెల్ చెవి వెనక రంగు తుడుచుకున్నాడు. "పోయినేడు వాణ్ణి కందిరీగ కుట్టింది మేడమ్. కన్ను వాచిపోయింది. మూలిగాడే గానీ అమ్మా అనలేదు. మేమంతా చప్పట్లు కొట్టాం. డెల్ఫిన్ అంటే డెల్ఫిన్ అన్నాం."

రెండో మనిషి గిల్డా. ఆమె కూడా జాంబీల బృందమే. ఆమె ఫోన్లో వీడియో ఉంది. ఒంటిగంట దాటి పది నిమిషాలకు తీసింది.

వీడియోలో డెల్ఫిన్ నడుస్తున్నాడు. కుడికాలు ఈడుస్తున్నాడు. మూతి ఒక పక్కకు జారింది. చొంగ కారుతోంది. ఎడమచెయ్యి గాల్లోకి చాచి, ఎదురొచ్చిన ప్రతివాడి వైపూ వంగి మూలుగుతున్నాడు. చుట్టూ ఈలలు. "అదిరిందిరా డెల్ఫిన్!" అని ఒక గొంతు. అది ఆర్నెల్‌ది.

వీడియోకి యాభై వేల లైకులు వచ్చాయి. కింద ఎవరో రాశారు, "ఇతనే అసలైన జాంబీ" అని.

"వాడు నన్ను పిలిచాడు మేడమ్," అంది గిల్డా. "ఇప్పుడు చూస్తుంటే తెలుస్తోంది. అప్పుడు జూమ్ చేశాను."

మారివిక్ బల్ల మీద శవం తాలూకు సామాను పరిచింది. చింపిన చొక్కా. కాఫీలో నానబెట్టి మట్టి పూసిన ప్యాంటు. ఎడమ గుప్పిట్లో దొరికిన ఎర్ర రిబ్బను. ఒక చిన్న తెల్ల తువ్వాలు.

"రిబ్బను సంగతేంటి?" అని గిల్డాని అడిగింది.

"పరుగెత్తేవాళ్ళ నడుముకి కడతాం. మేం లాక్కోవాలి. ఎక్కువ లాక్కున్న జాంబీకి ప్రైజు."

మారివిక్ మిగతా జాంబీల రిబ్బన్లు తెప్పించి చూసింది. అన్నిటికీ దారం పుటుక్కున తెగి ఉంది. డెల్ఫిన్ గుప్పిట్లోదానికి తెగలేదు. ఎవరో ముడి విప్పారు. నిదానంగా, గోటితో.

లాక్కున్నది కాదు. ఇచ్చింది.

"మరి ఈ తువ్వాలు?"

"అదేంటో మాకు తెలీదు మేడమ్. చొక్కా వెనక, మెడ దగ్గర దోపి ఉంది. ఆసుపత్రివాళ్ళు పెట్టారేమో అనుకున్నాం. తెల్లగుడ్డతో ఏ జాంబీ వస్తుంది? వేషం చెడిపోదూ?"

"నువ్వు పెట్టలేదు కదా?"

"నేనా?" ఏడుస్తూనే నవ్వింది గిల్డా. "వెనకాల తువ్వాలు దోపడానికి వాడేమన్నా ఒకటో క్లాసు పిల్లాడా?"

చొక్కా వీపు మీద పొద్దున పోసిన ఉత్తుత్తి నెత్తురు గట్టిపడి ఉంది. తువ్వాలుకు దాని మరక ఒక్కటీ అంటలేదు. అంటే నెత్తురు ఎండాక, మధ్యాహ్నం పెట్టిందే. ఒంటివైపు మడత మాత్రం చెమటతో తడిసి ఆరి, ఉప్పు చారలు కట్టింది. చచ్చినవాడికి చెమట పట్టదు.

ఒక మూల నల్లటి వేలి ముద్ర కూడా ఉంది. రంగు కాదు. గ్రీజు.

మారివిక్ దాన్ని చూసింది. చూసి పక్కన పెట్టింది. అక్కడే బుర్రకు తట్టలేదంటుంది.

తట్టింది సోమవారం మధ్యాహ్నం, శవం దగ్గర. శవపెట్టె టినో ఇంటి ముందుగదిలో ఉంది, నేనూ అక్కడే ఉన్నాను. దీపాలు, పూలు, ఒక పక్క జాగారానికి వచ్చినవాళ్ళ పేకాట. టినో కెటిల్ పట్టుకుని వచ్చినవాళ్ళందరికీ కాఫీ పోస్తున్నాడు. జనాన్ని ఎక్కించుకునే జీప్నీ బండి నడిపే మనిషి. బక్కపలచన. ముందే తక్కువ మాట్లాడతాడు. ఆ మూడు రోజులూ అసలు మాట్లాడలేదు.

మిండా మారివిక్ చెయ్యి పట్టుకుంది. "తండ్రీకొడుకులకి రెండేళ్ళుగా మాటల్లేవే అమ్మాయ్. చచ్చినవాళ్ళ బొమ్మలు నా ఇంట్లో ఏంటని ఈయన. నా గదిలోకి రావద్దని వాడు. ఒకే బల్ల దగ్గర కూర్చుని, 'ఉప్పు అందుకోమని చెప్పమ్మా ఆయనకి' అనేవాడు. ఉప్పేమో ఈయన మోచేతి పక్కనే ఉండేది! ఒక్కసారి వెళ్ళి చూడవయ్యా వాడి ఆట, అని ఎన్నిసార్లు బతిమాలానో."

ఆ మాటంటూనే ఆవిడకు కోపం పొంగింది. మూడు రోజులుగా పొంగుతూనే ఉంది.

"వాణ్ణి చూసి వదిలేసినవాడి చేతులు పడిపోవాలి! వాడు పిలిస్తే పలికేవాడు లేకుండా పోవాలి!"

టినో ఆమె కప్పులో కాఫీ పోశాడు.

అప్పుడు పేకాట బల్ల కింద ఆడుకుంటున్న చంటిదాన్ని వాళ్ళమ్మ పట్టుకుంది. "ఇలా రా, వీపంతా చెమట!" గౌను వెనక్కి లాగి, చిన్న తువ్వాలు మెడ దగ్గర్నుంచి లోపలికి దోపింది. కొస బయటకి వేలాడింది.

మన ఇళ్ళల్లో అందరం చేసేదే కదా. నేను నా పిల్లలకి చేశాను, మీ అమ్మలు మీకు చేశారు. రోజూ చూసేదాన్ని ఎవరు చూస్తారు?

మారివిక్ లేచి నిలబడింది.

మిండా శనివారమంతా చేపల బజారులో తన బల్ల దగ్గరే ఉంది. బజారంతా సాక్ష్యం. ఆర్నెల్‌ని అడిగారు, గిల్డాని అడిగారు, గేటు దగ్గర కాపలావాణ్ణి అడిగారు. ఒక్క మనిషిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

ఆర్నెల్‌ని, గిల్డాని పిలిపించింది. రానివ్వనని మిండా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అత్తా, రానీ. వీళ్ళు కాదు."

"మరెవరు?"

మారివిక్ నిలబడే చెప్పింది. "మధ్యాహ్నం ఒక మనిషి వచ్చాడు. టికెట్ కొన్నాడు. నడుముకి రిబ్బను కట్టించుకున్నాడు. కానీ పరిగెత్తడానికి రాలేదు. డెల్ఫిన్ కూర్చున్న చోటికి వెళ్ళాడు. వాడి ఒళ్ళంతా చెమట. ఆ మనిషి గ్రీజు అంటిన చేత్తో తన భుజం మీది తువ్వాలు తీసి వాడి వీపుకి పెట్టాడు. వేషం చెడుతుందని ఆలోచించలేదు, ఎందుకంటే అతనికి ఆ ఆట తెలీదు. వీడికి ఒక్క రిబ్బనూ దొరకలేదే అనుకున్నాడు. తనది విప్పి చేతిలో పెట్టాడు."

"అంత చేసినవాడు పిలవలేదేం? డాక్టర్ని పిలవలేదేం?" అని అరిచింది మిండా.

మారివిక్ పేరు చెప్పలేదు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఎందరి పేర్లో చెప్పింది, ఈ ఒక్క పేరూ నాలుక మీద ఆగిపోయింది.

టినో కెటిల్ కింద పెట్టాడు.

"బాగా నటిస్తున్నాడనుకున్నాను," అన్నాడు.

పేకాట ఆగిపోయింది.

"జీప్నీ పక్కన ఆపి వెళ్ళాను. చూసి వచ్చేద్దామనుకున్నాను. నన్ను చూసి మూలిగాడు. ఎంత బాగా చేస్తున్నాడో, నిజం లాగే ఉంది. పక్కనున్నవాళ్ళు, 'మీ అబ్బాయా? సూపర్ సార్!' అన్నారు. అవును, మావాడే అన్నాను. చప్పట్లు కొట్టాను."

"ఆ తర్వాత?" మారివిక్ మెల్లగా అడిగింది.

"తువ్వాలు పెడుతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. వదల్లేదు. వెనకాల జనం వస్తున్నారు. వదల్రా నాన్నా, నీ ఆట పాడవుతుంది అన్నాను. వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాను. ఊరికే విప్పితే బాధపడతాడని రిబ్బను పెట్టి మూశాను."

ఆర్నెల్ ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. ఎవరూ అతన్ని చూడలేదు. అందరూ మిండానే చూస్తున్నారు.

"గట్టిగా పట్టుకున్నాడా?" అంది మిండా.

"గట్టిగానే."

"నువ్వేనని తెలిసిందా వాడికి?"

"తెలిసినట్టే చూశాడు."

"మరి మూడు రోజులు నా తిట్లు వింటూ కాఫీ పోశావేం?"

"ఏం చెప్పను?" అన్నాడు టినో. "నువ్వు తిట్టేది సరైనవాణ్ణే కదా."

మిండా ఏదో అనబోయింది. అన్న శాపం వెనక్కి తీసుకోవడానికి ఏ మాట ఉంది గనక? పెట్టె అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన ఇటు, ఆవిడ అటు, మధ్యలో వాడు. నేను లేచి ఎవరి దగ్గరికి వెళ్ళాలో నాకు తెలియలేదు. ఎటూ వెళ్ళలేదు.

అప్పుడే గుమ్మంలో గొడుగులు ముడుస్తూ టినో తోటి డ్రైవర్లు నలుగురు వచ్చారు. వచ్చినవాళ్ళకు కాఫీ ఇవ్వాలి కదా. టినో కెటిల్ అందుకున్నాడు. కాఫీ కప్పు బయట పోశాడు. మిండా అది చూసింది. కదల్లేదు. మారివిక్ వెళ్ళి కప్పులు పట్టుకుంది.

ఏ సెక్షన్ కిందా కేసు నిలవలేదు. ఫైలు మూసేశారు. ఆర్నెల్ ఇంటి మీద రాళ్ళు ఆగిపోయాయి. అంతకు మించి ఏ మేలూ చెయ్యలేకపోయానని మారివిక్ నా పీట మీద కూర్చుని ఏడ్చింది. నిజం తెలిస్తే మనసు కుదుటపడుతుందంటారు. టినో, మిండాలకు ఏం కుదుటపడిందో నాకు కనపడలేదు.

సరే, వాన తగ్గింది, ఇళ్ళకు వెళ్ళండి. డెల్ఫిన్ పేరు గుర్తుపెట్టుకోండి. నేను పోయాక మీరు చెప్పాలి, లేకపోతే ఆ యాభై వేలమంది చూసిందే మిగిలిపోతుంది. చెప్పేటప్పుడు ఒక్కటి చూసుకోండి. టినో కొడుకుని వదిలేసి పోయాడని చెప్పకండి. చూడ్డానికి వెళ్ళాడని చెప్పండి.